చేవెళ్ల మిస్త్రీ మీద నా కుళ్లు

పోయిన నెల చిన్న మంగళారంల ఒక ఫామ్‌హౌజాయన పిలిపిస్తె పోయిన. ఆయన కొడుకు కొత్తగ ఒక బండి కొన్నడు. బండంటె చక్రాల మీద ఇల్లే. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్జు, నీళ్ల ట్యాంకి, రెండు ఫ్యాన్లు. "మొయినాబాద్‌ల పాత బ్యాటరీ పనాయన మీరే గద అంకుల్, జర ఒకసారి చూడుండ్రి" అన్నడు పిలగాడు. నేను పని ఇడిసిపెట్టి శానేండ్లయింది. అయినా పిలిస్తె కాళ్లు ఆగయి.

పిలగాడు మంచం కింది పలక ఎత్తి బ్యాటరీ చూపించిండు. దాని పక్కకు ఒక సన్నటి వైరు అతికించి ఉన్నది. "ఇది వేడి చూస్తది అంకుల్. ఎండలు ముదిరితె చార్జింగు తగ్గిస్తది, చలి పెడితె పెంచుతది. దానంతట అదే. మీ కాలంల ఇసొంటియి ఎక్కడియి?" అన్నడు.

నేను తల ఊపిన. కడుపుల మాత్రం ఒక పాత మంట లేసింది. యాభై ఏండ్లు దాటిన మంట. ఆ సన్నటి వైరు చేసే పని మా కాలంల ఒక మనిషి చేసేటోడు. చేవెళ్లల బస్సులాగే జాగకు కొద్దిగ అవతల, రేకుల కప్పు కింద, బ్యాటరీల పోసే యాసిడ్, మేం తేజాబంటం, అది వడి చిల్లులైన ఖాకీ అంగి తొడుక్కొని కూసునేటోడు. అందరు మిస్త్రీ అనేటోళ్లు. పేరు నాకెరుకే, గని రాయను. ఆయన బతికున్నన్ని దినాలు ఆ పేరు నా నోట్లకెళ్లి మర్యాదగ రాలే. ఇప్పుడు రాస్తె బాగుండదు.

నాది మొయినాబాద్‌ల సడక్ మీద దుకాణం. పట్నంల రెండేండ్లు బడికి పోయి కరెంటు పని నేర్చుకున్నోన్ని. సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి గోడకు పెట్టిన. చార్జింగు మిషను కొత్తది, దాని మీద ముల్లు తిరిగే గడియారమసొంటిది, ముల్లును ఎక్కించ దించ ఒక పిడి. చేవెళ్ల మిస్త్రీది పాత మిషను. ఎవరో లారీ సేటు పారేస్తె బాగుచేసుకున్నది. ఆయన నాకంటె పదేండ్లు పెద్ద. ఎంకపల్లి కిరస్తానపోళ్ల పిలగాడు, చర్చోళ్ల మిషను బడిల నాలుగో తరగతి దాక చదివిండంట. మాది భూములున్న ఇల్లు. మా ఇంట్ల పెద్దోళ్లను అసొంటోళ్లు పటేలా అని పిలిచేటోళ్లు. ఆయన మాత్రం మొదటిసారి కలిసినప్పుడే నన్ను "తమ్మీ" అన్నడు. ఆ మాట నాకు గుచ్చుకున్నది. ఇయ్యాల సిగ్గనిపిస్తది, గని అప్పుడు గుచ్చుకున్న మాట నిజం.

అంతకంటె ఎక్కువ గుచ్చుకున్నది ఇంకోటి. లారీలోళ్లు, ట్రాక్టర్లోళ్లు, రేడియోకు బ్యాటరీ వాడెటోళ్లు నా దుకాణం ముందటికెళ్లే చేవెళ్లకు పోయేటోళ్లు. సైకిలు ఎనుక బ్యాటరీ కట్టుకొని, నా బోర్డు దిక్కు చూసుకుంటనే పోయేటోళ్లు.

ఆయన తీరే వేరుండె. ఎవరు బ్యాటరీ తెచ్చినా ముందుగాల మూత తీసేటోడు కాదు. ఇటు తిప్పి అటు తిప్పి, "రాత్రి ఎక్కడ పండింది?" అని అడిగేటోడు. బండి కొట్టంల నిలిపిన్రా, చేన్ల బయట నిలిపిన్రా అని ఆ మాటకు అర్థం. మొదటిసారి వచ్చినోళ్లు నవ్వేటోళ్లు. చలికాలం అయితె బ్యాటరీలను పొద్దుగాల తెచ్చి ఎండల వరసగ పెట్టి, అవి జర వెచ్చబడ్డంకనే తీగలు తగిలించేటోడు. తగిలిచ్చినంక మిషను పిడి మామూలు కంటె ఒక మెట్టు పైకి జరిపి, గంటో రెండు గంటలో ఎక్కువనే ఉంచేటోడు. ఎండకాలం అయితె మొత్తం తిరగేసేటోడు. గోనెసంచులు తడిపి బ్యాటరీల చుట్టు కట్టి, మధ్యాహ్నం మిషను బందు వెట్టి, పొద్దుగాల, సల్లబడ్డంక మాత్రమే నడిపిచ్చేటోడు. అది సుత ముల్లు సగం దాటనిచ్చేటోడు కాదు. నడుమ నడుమ లేసి, జరమొచ్చిన పిల్లల నొసలు చూసినట్టు, అరచెయ్యి మర్లేసి బ్యాటరీ పక్కకు ఆనించి చూసేటోడు.

"మాపటికి అయితదా మిస్త్రీ?" అని అడిగితె, "అది ఎంత తింటదో దాన్ని అడగాలె. రేపు రాండ్రి" అనేటోడు. నేను మాపటికి ఇస్త అని చెప్పి మాపటికే ఇచ్చేటోన్ని. అయినా జనం ఆయన రేపు కోసమే ఆగేటోళ్లు.

ఆ దినాలల్ల చర్చోళ్ల మిషను దవాఖానకు ఒక పెద్ద బండి ఉండె. లోపల పండేటందుకు బల్ల, నీళ్ల ట్యాంకి, మందుల అలమర, ఒక ఫ్యాను, బల్ల మీద పెద్ద దీపం. ఊరూరికి తిరిగేది. దాంట్లనే కాన్పులయ్యేటియి, దాంట్లనే పండ్లు పీకుడు. డాక్టరమ్మ మెత్తగ మాట్లాడే మనిషి, గని పనిల మొహమాటం లేదు. బండి ఎనుక రెండు పెద్ద బ్యాటరీలుండె. మొదట అవి నా దగ్గరికే వచ్చేటియి. దవాఖాన బండి నా దుకాణం ముందట నిలవడ్డ దినం నేను బయట కుర్చీ ఏసుకొని కూసునేటోన్ని, నలుగురు చూడాలెనని.

ఒక చలికాలం ఎల్లినంక డాక్టరమ్మ నన్ను పిలిచి, "తమ్మీ, నీ దగ్గర పెట్టినయి చలిపొద్దున మొండికేస్తున్నయి. ఎండకాలం వస్తె పోసిన నీళ్లన్ని తాగేస్తున్నయి. కొన్ని దినాలు చేవెళ్లల పెట్టి చూస్త" అన్నది. కొన్ని దినాలు అన్నది గని మల్ల నా దగ్గరికి పంపలే. అంతటితోని ఆగక, దవాఖానల నీళ్ల వేడి చూసే పొడుగు థర్మామీటరు ఒకటి ఆయనకు ఇచ్చింది. ఆయన దానికి దారం కట్టి మెడల ఏసుకున్నడు, డాక్టర్లు గొట్టం ఏసుకున్నట్టు. ఆ గాజుపుల్ల మీద నాకు ఎంత కండ్లమంటంటె, ఒకసారి చేవెళ్ల అంగట్ల అది ఆయన మెడల కనవడితె నేను కూరగాయలు కొనకుంటనే వాపసొచ్చిన.

ఇగ నేను ఊకోలే. చాయ్ హోటల్ల కూసొని ఒక మాట మొదలు వెట్టిన. "ఎండకాలం ఆయన సగం చార్జింగే పెడ్తడు, ముల్లు సగం దాటనియ్యడు, కావాల్నంటె పోయి చూడుండ్రి" అన్న. పోయి చూసినోళ్లకు ముల్లు సగంల్నే కనవడేది. అబద్ధం కాదు గద. అందుకే అది బాగ పారింది. కొందరు నా దగ్గరికి మర్రిన్రు. వాళ్లను చూసి నాకు అన్నం రుచిగ తోచేది.

గట్ల ఉన్నప్పుడే అరవై తొమ్మిది వచ్చింది. బడులు బందు, బస్సులు బందు. సడక్ మీద రాళ్లు, ముండ్లకంపలు అడ్డమేసి పోరగాండ్లు కాపల ఉండేటోళ్లు. తెలంగాణ రావాలెనని నా కడుపుల సుత ఉండె, నేను సుత గొంతు పోయేటట్టు అరిచిన. అయినా మొయినాబాద్‌ల మీటింగు పెడితె మైకు బ్యాటరీ మాత్రం చేవెళ్ల నుంచి వచ్చేది. నా దుకాణం సభకు ఎదురుంగనే ఉండె. "గా మిస్త్రీ పెట్టిన బ్యాటరీ మీటింగు నడుమ ఆగదన్నా" అన్నడు ఒక పోరడు, నా మొఖం చూసి. బందు రోజు నా షెట్టరు దించిపిచ్చిన్రు. ఆయనకు షెట్టరే లేదు, రేకుల కప్పే. ఆయన్ను ఎవ్వరు ఏమనలే.

మే నెల నడుమ ఒక పొద్దున దవాఖాన బండి డ్రైవరు నా దగ్గరికి వచ్చిండు. చేవెళ్ల సడక్ మీద చెట్లు నరికి ఏసిన్రు, బండి పోయెటట్టు లేదు. "చిన్న మంగళారంల కాన్పు కష్టమైనామె ఉన్నదంట. డాక్టరమ్మ పోవాలె. ఇయ్యాలకు నువ్వే పెట్టియ్యి" అని రెండు బ్యాటరీలు దించిండు.

నా సంబురం అంతింత కాదు. తీగలు తగిలిచ్చి, పిడి తిప్పి, ముల్లును ఆ చివరికి గొట్టిన. ఎండ పెంకులు పగిలేటట్టు కొడుతున్నది. నా షెడ్డుల గాలి లేదు. మధ్యాహ్నానికి బ్యాటరీలు కుతకుత ఉడికినయి. తేజాబు వాసన సడక్ దాక పోయింది. రోడ్డు బందయి అక్కడే ఆగిన లారీ డ్రైవరొకడు వచ్చి చూసి, "ఇదేందన్నా, అన్నం ఉడికినట్టు ఉడుకుతున్నయి?" అన్నడు.

"నిండ చార్జింగంటె గిట్లుంటది. చేవెళ్ల లెక్క సగం కాదు" అన్న.

ఒక సంగతి చెప్పాలె. ఎండకు చార్జింగు తగ్గించాలెనని నాకు ఎరుకలేక కాదు. నా పుస్తకంల అది ఉండె. పరీక్షల అడిగితె రాసిన, మార్కులు సుత వడ్డయి. బ్యాటరీ మీద చెయ్యి పెడితె చుర్రుమన్నది, చెయ్యి తీసుకున్న. పిడి దిక్కు చూసిన. గని ముల్లును సగానికి దించితె ఆయన చేసినట్టే చేసినోన్నైత. అందుకే దించలే.

డాక్టరమ్మ నన్ను సుత రమ్మన్నది, దారిల బండి ఆగితె అక్కెరకు వస్తవని. పోయిన. నొప్పులు పడుతున్నామెకు అది మూడో కాన్పు, ముందటి రెండు దక్కలేదంట. పొద్దుమీకంగ ఆమెను బండిల బల్ల మీద పండవెట్టిన్రు. మొగోళ్లం బయట నిలవడ్డం. కొంచెంసేపటికి పరదా ఎనుక దీపం పసుపుగైంది, ఎర్రగైంది, ఇగ లేదు.

"తమ్మీ, వెలుగు కావాలె" అన్నది డాక్టరమ్మ లోపటికెళ్లి. గొంతు పెంచలే. "నెత్తురు ఆగుత లేదు. ఎక్కడినుంచి వస్తుందో నేను చూడాలె."

ఊరోళ్లు లాంతర్లు తెచ్చిన్రు. ఆ వెలుగు చాలలే. నేను ఎనుకకు పోయి పెట్టె తెరిచిన. ఒక బ్యాటరీ పొట్ట ఉబ్బి ఉన్నది. మూతలు తీస్తె లోపల నీళ్లు పలకల కిందికి దిగినయి. పలకలు వంగి ఒకదానికొకటి తాకినయి. రెండోదాంట్ల సుత నీళ్లు ఎండిపోయినయి. డ్రైవరు ఎవరిదో సైకిలు గుంజుకొని చేవెళ్ల దిక్కు ఉరికిండు. అంత దూరం పోయి రావాలంటె ఎంతసేపైతదో నాకెరుకే. ఆమె మొగడు నా పక్కనే నిలవడి, "ఐతదా పటేలా? దీపం ఐతదా?" అని అడుగుతున్నడు. నేను ఏదో తీగ పట్టుకొని పని చేస్తున్నట్టు వంగి నిలవడ్డ.

డ్రైవరు తొందరగనే మర్రొచ్చిండు. ఎంబడి మిస్త్రీ ఉండె. సైకిలు ఎనుక బ్యాటరీ, దాని చుట్టు తడి గోనెసంచి. ఇద్దరు పోరగాండ్లు ఎనుకకెళ్లి నూకుతున్నరు. రాళ్లు, చెట్లు అడ్డమున్న జాగల్ల సైకిలును బ్యాటరీతోనే ఎత్తి దాటించింది వాళ్లే. సంగతి అయినంక తెలిసింది. ఆ లారీ డ్రైవరు చేన్లవడి చేవెళ్లకు నడిచిపోయి, మొయినాబాద్‌ల బ్యాటరీలు అన్నం లెక్క ఉడుకుతున్నయని నవ్వుకుంట చెప్పిండంట. ఎవరియని అడిగి, దవాఖాన బండియని, చిన్న మంగళారం కాన్పుకు పోతదని విని, మిస్త్రీ ఇంకో మాట అడగలేదంట. ఆ మాపు చేవెళ్ల సభకని చార్జింగు పెట్టిన మైకు బ్యాటరీనే ఇప్పించుకొని బయలెల్లిండు, డ్రైవరుకు సగం దారిలనే ఎదురైండు. సభల మైకు లేకుంటనే గొంతులెత్తి మాట్లాడిన్రంట.

ఆయన నన్ను పక్కకు జరుగుమనలే. తనే పక్కకెళ్లి వంగి తీగలు మార్చిండు. దీపం ఎలిగింది. ఇగ బండి చక్రానికి ఆనుకొని, కాళ్లు సాపి కూసున్నడు. అంగి మొత్తం చెమటకు తడిసి ఒంటికి అంటుకున్నది. చానసేపటికి లోపల బిడ్డ ఏడుపు ఇనవడ్డది. ఆమె మొగడు అక్కడనే మట్టిల కూలవడి ఏడ్చిండు.

డాక్టరమ్మ చేతులు తుడుసుకుంట దిగింది. "ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు" అని చెప్పి, నేరుగ ఎనుకకు వచ్చి ఆ ఉబ్బిన బ్యాటరీని చూసింది. "దీనికి ఏమైంది?"

మిస్త్రీ లేసొచ్చి, అరచెయ్యి మర్లేసి బ్యాటరీకి ఆనించిండు. ఇంకా వెచ్చగనే ఉండొచ్చు. నా దిక్కు ఒక్కసారి చూసిండు.

"ఎండకమ్మా" అన్నడు. "ఇసొంటి ఎండల ఎవరి చేతులైనా గిట్లనే అయితయి."

ఆయన నన్ను తిడితె నేను సుత తిడుదును. కొడితె కొట్టుకుందుము. ఆ మాటతోని నాకు ఏ దారి లేకుంటైంది. ఇంటికొచ్చి పండుకున్న గని ఆయన మీద అంత కోపం నాకు అంతకుముందు ఎన్నడు రాలే. మంచితనం సుత ఆయనకే దొరికిందా అనిపిచ్చింది.

మూడో దినం నేను చేవెళ్లకు నడిచిపోయిన. బస్సుల్లేవు. సైకిలు ఉండె, గని రాళ్లు దాటించలేక ఇంట్లనే ఇడిసిన. ఎందుకు పోతున్ననో నాకే తెల్వదు. కొట్లాడుదామనో, కాళ్ల మీద వడదామనో. చేరేటాలకు నోరు ఎండి మాట వస్తలేదు. ఆయన సోడపొడితోని చేతులు రుద్దుకుంటున్నడు. తేజాబు పోవాలంటె రోజు గట్ల రుద్దుకునేటోడు.

"ఎండల నడిసొచ్చినవా? కూసో తమ్మీ, ముందు నీళ్లు తాగు" అన్నడు.

తాగిన. గోడ మీద సుద్దతోని గీసిన గీతలున్నయి. చలికి ముల్లు ఎక్కడ, వానలకు ఎక్కడ, ఎండకు ఎక్కడ. చదువు రానోళ్లకు సుత తెలిసెటట్టు గీసి ఉన్నది.

"నువ్వు సదువుకున్నోనివి. ఇదంత నీకెరుకే ఉంటది" అన్నడు.

"ఎరుకే."

"మరి?" అన్నడు.

"నువ్వు చేస్తున్నవని చెయ్యలే" అన్న. ఎట్ల వచ్చిందో ఆ మాట, వచ్చింది.

ఆయన నా చెయ్యి పట్టుకొని ఒక బ్యాటరీ పక్కకు ఆనించిండు. "చలికి దీనికి ఆకలి కాదు, బుజ్జగించి కొద్దిగ ఎక్కువ పెట్టాలె, చానసేపు కూసోవాలె. ఎండకు దీనికి ఆగుడు తెల్వది, పెట్టినంత తింటది, తిన్నది ఒంటికి పట్టదు. మనమే ఆపాలె. తేజాబు ఎంత చిక్కగున్నదో చూసే గాజు గొట్టం ఉంటది గద, దాంట్ల తేలే బుడ్డిని సుత ఊకె నమ్మకు. ఎండకు ఒక తీరు తేలుతది, చలికి ఒక తీరు. వేడి ఎంతున్నదో చూసి దాని మాట సవరించుకోవాలె." ఇంత మాట్లాడినందుకు తనకే సిగ్గైనట్టు ఆగి, "పొద్దు దిగెదాక ఉండు. దించెటప్పుడు చూద్దువు" అన్నడు.

ఉన్న. మెడలున్న థర్మామీటరు తీసి నా చేతికిచ్చిండు. ఒక్కో మూతల ముంచి చూపిచ్చిండు. ఇంటికాడినుంచి వచ్చిన జొన్నరొట్టె సగం నాకు పెట్టిండు. మా ఇంట్ల ఎరుకైతె ఏమంటరో అని ఒక్క గడియ ఆలోచించి, తిన్న.

అటెన్క నా దుకాణం మంచిగ నడిచింది. ఎండకాలం తడి గోనెసంచులు కట్టిన, చలికాలం ఎండకు పెట్టిన. "రాత్రి ఎక్కడ పండింది?" అని నేను సుత అడుగుడు మొదలువెట్టిన. కొత్తగ వచ్చినోళ్లు ఆ మాటను నాదే అనుకున్నరు. కాదని నేను ఎవరికి చెప్పలే. చాయ్ హోటల్ల చెప్పిన ఆ సగం చార్జింగు మాటను సుత వాపసు తీసుకోలే, దానంతట అదే ఆగిపోనిచ్చిన. దవాఖాన బండి మాత్రం మల్ల నా దగ్గరికి రాలే. అది చేవెళ్ల దిక్కు పోయినప్పుడల్ల నా కడుపు కాలుడు సుత ఆగలే. నేర్పించినందుకు మనసు చల్లవడాలె గద. నా మనసు గట్ల చెయ్యలే.

ఆయన పెద్దోడైనంక దగ్గు పట్టుకున్నది. తేజాబు పొగ ఊకె పోదు. పోయిండని తెలిసి నేను ఎంకపల్లికి పోయిన. చర్చి ఎనుక బొందలగడ్డల జనం నిండ ఉన్నరు. లారీలోళ్లు, మీటింగులు పెట్టినోళ్లు, అప్పటి డ్రైవరు. నేను చచ్చిపోతె ఇంతమంది వస్తరా అని అక్కడ నిలవడి లెక్కపెట్టుకున్న. మన్ను ఏసెటప్పుడు సుత అదే ఆలోచన.

అంత అయినంక ఆయన బిడ్డ నా దగ్గరికి వచ్చింది. బడిల పంతులమ్మ. కండ్లు ఎర్రగున్నయి. ఏం చెప్పాల్నో తెల్వక, ఇన్నేండ్లు దాచుకున్నదే చెప్పిన. "అమ్మా, ఆ దినం దవాఖాన బండి బ్యాటరీలు ఎండకు పోలే. నేను తెలిసి తెలిసి కాల్చిన. మీ బాపు మీది ఓర్వలేనితనంతోని."

"ఎరుకే చిన్నబాపు" అన్నది. "బాపు చెప్పిండు."

"ఏమని చెప్పిండు?"

"మా అన్నలు ఎవరన్న తప్పు చేసి మొఖం చాటేస్తె మీ ముచ్చటే చెప్పేటోడు. 'మొయినాబాద్ తమ్ముడు మూడో దినం గంత ఎండల నడుచుకుంట వచ్చి, నా ముందట కూసొని, ఉన్నదున్నట్టు చెప్పిండు. ఆయన జాగల నేనుంటె పోకపోదును' అనేటోడు."

ఆమె ఇంకెవరో పిలిస్తె పోయింది. నేను పొలాలవడి సడక్ దాక నడిచిన. ఒక మనిషి గురించి నేను ఎన్నడన్న, ఎవరి ముందటన్న, గంత మంచి మాట మాట్లాడిన్నా అని ఎతుక్కుంట నడిచిన. సడక్ వచ్చింది, బస్సు వచ్చింది. ఒక్కటి సుత యాదికి రాలే.